గడప లేని గది

వాన కొరకు ఆకసము వంక చూచి చూచి అలసిన సీమలో, వాననీటిని ఇంటిలోనికి రానీయకుండు ఉపాయములను గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోపవచ్చును. కలకడ మొదలుకొని మదనపల్లె, పుంగనూరు, కుప్పముల వఱకు గల పడమటి మండలములలో వేయి అడుగులు దించినను తడి తగులని బోర్లు ఊరూర గలవు; అట్టిచోట నీరెక్కువైనదని వాపోవువానిని ఇరుగుపొరుగువారు అదృష్టవంతునిగానే జమకట్టుదురు. అయినను, కర్నూలు నుండి కడప, రాయచోటి, కలకడ, పీలేరుల మీదుగా చిత్తూరునకు బోవు 40వ నంబరు జాతీయ రహదారి వెంబడి ఇటీవల లేచిన ఇండ్లను పరికించినచో, ముందుభాగమున ఇనుప షట్టరు గల గది యొకటి తఱచుగా కనబడును. అందొక కారు, దాని ప్రక్కన మోటారుసైకిలు, గోడవారగా టమోటా క్రేట్లు, డ్రిప్పు పైపుల చుట్టలు, దాణా మూటలు, బాగుచేయించవలెనని తలచి మఱచిన బోరు మోటారు. ఇంటిలో చోటు చాలని సమస్త వస్తుజాతము అచ్చటికే చేరును. జనులు దానిని కారు షెడ్డందురు. ఇంటికంతకును అదియే పల్లపు గది; జడివాన కురిసిన నాడు నీరు మొదట అడుగిడునదియు అచ్చటనే.

ఏడాది మొత్తముమీద వాన తక్కువ యన్న మాట నిజమే గాని, కురిసిన గంటలో తక్కువగా కురియునని దాని యర్థము గాదు. ఈ మండలములకు వర్షము రెండు విడతలుగా వచ్చును: జూన్ మొదలు సెప్టెంబరు వఱకు నైరుతి ఋతువున సాయంకాలపు ఉరుముల వానలుగాను, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు బంగాళాఖాతపు వాయుగుండముల వెంట ముసురుగాను. మొదటిది స్వల్పకాలికమై ఉద్ధతమైనది; రెండవది రాత్రింబవళ్లు విడువక, నేల త్రాగగలిగినంత త్రాగి, ఇక చాలునన్న పిమ్మటను కురియునది. 2020 నవంబరులో వచ్చిన నివర్ తుపాను ఈ రెండవ జాతిది. కొంచెము లెక్క చూతము. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది సరిగా ఒక లీటరు నీరు. వీధి నుండి షట్టరు వఱకు ఇరువది అడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పు గల సిమెంటు చప్టా ఉన్నదనుకొందము. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున జడివాన కురిసినచో, ఆ చప్టా ఒక్కదానిపైననే గంటకు 1,100 లీటర్లు పడును. పది లీటర్ల బిందెతో కొలిచినచో నూటపది బిందెలు. మట్టినేల కొంత పీల్చుకొనును. సిమెంటు దాదాపుగా ఏమియు పీల్చుకొనదు. ఇంటి మిద్దె వెయ్యి చదరపు అడుగులైనచో దానిపై పడునది మఱియొక 4,600 లీటర్లు. వీధినీటి సంగతి ఇందులో చేరలేదు. చప్టా వాలు గదివైపున కొంచెమైనను ఉన్నచో ఈ బిందెలన్నియు ఎచ్చటికి బోవునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మన పెద్దలు నీటితో చేసికొన్న ఒడంబడిక వేఱు. సీమలోని పాత మట్టిమిద్దెలను చూచినవారికి ఆ సంగతి తెలియును. దంతెల మీద పఱచిన మట్టికి పైపొరగా వారు చౌడుమన్ను వేయుదురు. సోడియము మిక్కుటముగా గల ఆ మన్ను తడిసినప్పుడు సూక్ష్మరేణువులు విడివడి, ఉబ్బి, సందులను తామే మూసికొనును. పైరునకు శత్రువైన గుణమే పైకప్పునకు రక్షయైనది. మిద్దెమీది నీరు గోడను తడుపుచు జాఱిపోక, గోడకు వెలుపలికి మూరెడు చాచిన దోనెల నుండి దూరముగా దుమికెడిది. క్రింద అరుగు, అరుగు దాటినచో వసారా, వసారా దాటినచో గడప. వీధినీరు ఇల్లు జొచ్చుటకు ఈ మెట్లన్నియు ఎక్కవలసియుండెను. ఇక బండి యున్న కొట్టములో నేల మట్టినేల. అది తడిసినను రెండుమూడు దినములలో ఆఱెడిది, తడిసినందువలన ఎడ్లబండికి వచ్చు కష్టమును లేకుండెను.

కారు వచ్చి ఈ ఏర్పాటునంతను తలక్రిందులు చేసినది. అది అరుగెక్కలేదు, గడప దాటలేదు. కావున దానికొఱకు అరుగును కొట్టివేసి, గడపను తీసివేసి, గోడంత వెడల్పున ద్వారమును తెఱచి, వీధికిని గదికిని నడుమనున్న నేలను ఏకముగా చదును చేయించుచున్నాము. ఇంటిలో గడప లేని గది ఇది యొక్కటియే. గడప చేయుచుండిన పనిని ఇప్పుడు మఱియేదియో చేయవలెను గదా! ఆ మఱియొకదానిని గూర్చి ఇల్లు కట్టునప్పుడే తలచువారు అరుదు. షట్టరు దించినచో చాలునని తలచువారే పెక్కురు. షట్టరు దొంగను ఆపగలదు. నీటిని ఆపుటకు అది పుట్టలేదు. తలుపునొద్ద నీటితో పోరాడవలెనను తలంపులోనే, నా యభిప్రాయమున, దోషమున్నది. నీరు తలుపు వఱకు రాకమునుపే దానికి వేఱొక దారి చూపినవాడు పోరాడవలసిన పనియే యుండదు. చూపనివాడు ఎంత ఖరీదైన షట్టరు పెట్టినను గెలువలేడు.

దారి చూపుట యనగా వాలు పెట్టుట. విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు కడప సీమలో పోరుమామిళ్ల చెరువును కట్టించి 1369లో వేయించిన సంస్కృత శాసనమున, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములును, ఉండరాని ఆఱు దోషములును లెక్కింపబడినవి. ఆ సాధనములలో జలశాస్త్రము నెఱిగిన పురుషుడొకడు. ఆ దోషములలో కట్టనుండి నీరూరుట యొకటి. నీరు ఉండవలసినచోట ఉండునట్లు చేయుటకు శాస్త్రజ్ఞుడు కావలెనని ఆఱువందల ఏండ్ల నాడు ఎఱిగిన దేశమున, నేడు ఇంటిముందు చప్టా పోయునప్పుడు రసమట్టమైనను బయటికి తీయరు. “వాలుండాది లేన్నా, నీళ్లు బాగా పోతాయి” అని బేల్దారి మేస్త్రి కంటిచూపుతోనే తీర్పు చెప్పును. యజమాని తల యూపును. కాంక్రీటు గట్టిపడిన పిమ్మట వచ్చిన మొదటి వాన ఆ తీర్పును కొట్టివేయును. కాంక్రీటు పోయకమునుపే, నీరు నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టమును ఈ చివఱ ఆ చివఱ పట్టి, దారము కట్టి, ఎత్తుపల్లములను కొలుచుట అరగంట పని. షట్టరు నుండి వీధివైపునకు చప్టా పదడుగులకు రెండున్నర అంగుళములైనను దిగవలెను. గది లోపలి నేలయు మట్టసముగా నుండరాదు; వెనుకగోడ నుండి షట్టరు వైపునకు అడుగునకు అంగుళములో ఆఱవవంతు చొప్పున, అనగా పదునెనిమిది అడుగుల గదికి మూడంగుళములు, వాలినచో కారుమీదనుండి కారిన నీరును, పొరబాటున లోనికి వచ్చిన నీరును తామే వెలుపలికి బోవును.

గది నేల ఎంత ఎత్తున నుండవలెనన్న ప్రశ్నకు భారత జాతీయ భవననిర్మాణ నియమావళి సమాధానము చెప్పియున్నది. నివాసభాగమునకు చుట్టునున్న నేలకంటె 450 మిల్లీమీటర్లు, కారు నిలుపు గదులకు 150 మిల్లీమీటర్లు తక్కువ గాకుండ పునాదిమట్టము లేపవలెననియు, అచ్చటినుండి నీరు పోవు ఏర్పాటుండవలెననియు ఆ నియమము. ఆఱంగుళములు! అంతకంటె ఎక్కువ లేపినను తప్పులేదు గాని, గదిలోనికి కారెక్కు వాలునకు, అనగా ఎక్కుడునకు, నిడివి చాలనిచో కారుకు ఇబ్బంది. సామాన్యమైన చిన్నకారు అడుగునకును నేలకును నడుమ ఆఱున్నర అంగుళముల సందు మాత్రమే యుండును. ఎక్కుడు మొదలునందును కొననందును మొన లేకుండ మెల్లగా వంపు తీర్చనిచో కారు పొట్ట సిమెంటును గీచుకొనును. ఎనిమిదడుగులకు అడుగుకంటె నిటారుగా ఏ యెక్కుడును కట్టరాదు.

వీధియే గదికంటె ఎత్తుననున్నచో ఏమి చేయవలెను? ఇప్పుడు ఎక్కువ ఇండ్ల దుస్థితి ఇదియే గనుక ఇచ్చట కొంత నిలువక తప్పదు. ఇల్లు కట్టిన నాడు వీధికంటె రెండడుగుల ఎత్తుననున్న గుమ్మము, పదిపదునైదేండ్లకు వీధితో సమమగుచున్నది. ఇల్లు క్రుంగినది గాదు, వీధి పెరిగినది. పాత తారును, పాత సిమెంటును గీకివేయక దానిమీదనే క్రొత్త పొర వేయు అలవాటు మన స్థానిక సంస్థలకును, కంట్రాక్టర్లకును ప్రియమైనది. గీకుటకు యంత్రము కావలెను, వేయుటకు లారీ చాలును. పొరుగున తమిళనాడులో ఈ పెరుగుదల దుర్భరమై, పాతపొరను తీసిన పిమ్మటనే క్రొత్తది వేయవలెనని 2021లో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఆదేశింపవలసివచ్చినది. ఇండ్లనే జాకీలతో లేపి క్రింద గోడ కట్టు పనివారు నేడు దక్షిణదేశపు పట్టణములన్నిట తిరుగుచున్నారనిన, వీధి ఎంత దూరము పెరిగినదో ఊహించుకొనవచ్చును. వీధి వేయుటకు కొలతలు తీయు దినమున గ్రామస్థులు నలుగురు పోయి పాతపొరను తీయించుడని అడుగుట, తరువాత ఒక్కొక్కరు వేలు ఖర్చుపెట్టి గుమ్మములు లేపుకొనుటకంటె మేలు.

ఆ యవకాశము దాటిపోయినవాడు గేటు వద్ద, తన హద్దులోపలనే, అడ్డముగా ఒక మిట్ట కట్టవలెను. వీధికంటె నాలుగైదంగుళముల ఎత్తునకు మెల్లగా ఎక్కి, పిమ్మట గదివైపునకు మెల్లగా దిగు ఈ మిట్ట, పోయిన గడప చేసిన పనిలో సగము చేయును: వీధినీరు దానిని దాటి రాదు. మిట్టకు ఇవతల పడిన వాన మాత్రము గదివైపునకే పాఱును గనుక, షట్టరు ముందు అడ్డుకాలువ తప్పనిసరి. “తన హద్దులోపల” నని నొక్కి చెప్పుటకు కారణమున్నది. మనవారిలో పెక్కురు ఈ ఎక్కుడును వీధిలోనికి జరిపి, ప్రక్కనున్న మురుగుకాలువ మీద మట్టిపోసి, మహా అయినచో అందులో ఒక సన్నని గొట్టము పెట్టి, తమ కారునకు దారి చేసికొందురు. ఆ గొట్టము ప్లాస్టిక్ సంచులతో పూడిన నాడు కాలువనీరంతయు వీధికెక్కి, ఎగువనున్న పదియిండ్లలోనికి పోవును. ఒకరి షెడ్డు పొడిగా నుండుటకు పదిమంది షెడ్లు తడియుట ఈ విధముగనే జరుగుచున్నది. కాలువమీద కదలించుటకు వీలగు రాతిబండలు గాని, బలమైన ఇనుపజాలి గాని వేసి, ఏటేట లేపి శుభ్రము చేయుదురేని ఎవరికిని నష్టము లేదు.

అడ్డుకాలువ సంగతి. షట్టరునకు జానెడు వెలుపల, గోడ నుండి గోడవఱకు, ఆఱంగుళముల వెడల్పు, ఆఱంగుళముల లోతు గల కాలువ తీయించి, పైన చక్రము బరువునకు వంగని ఇనుపజాలి పఱపించవలెను. జాలి పైమట్టము చప్టాకంటె నూలువాసియైనను దిగువన నుండవలెను. ఎత్తుగానున్నచో నీరు దానిని చుట్టుకొని పోవును గాని అందులో దిగదు. కాలువ అడుగు ఒక కొననుండి మఱియొక కొనకు పండ్రెండడుగులకు ఒకటిన్నర అంగుళము వాలినచో ఈ సీమలో కురియు ఏ వాననైనను అది మోయగలదు. కాలువ చిన్నదై వాన గెలిచిన సందర్భములు తక్కువ. వేపాకు, చింతాకు, టీ కప్పులు జాలిని మూసివేసియో, కాలువ నుండి బయటికి బోవు గొట్టము రెండంగుళములదై యుండుటచేతనో, అంతకంటె చిత్రముగా ఆ గొట్టము ఎచ్చటికిని పోకుండుటచేతనో ఓడిపోవు సందర్భములే ఎక్కువ. కాలువ తీయించి, నీరు పోవు చోటు మఱచినవాడు షట్టరు ముందు ఒక తొట్టి కట్టించుకొన్నవాడగును. నాలుగంగుళముల గొట్టమునకు తక్కువ పెట్టరాదు. మొదటి ఉరుము వినబడు సమయమున జాలి లేపి చేయిపెట్టి ఆకు తీయుటకు ఇంటిలో ఒకరికి బాధ్యత నప్పగింపవలెను.

చాలమంది గమనింపనిది మిద్దెనీటి గొట్టము. పాతకాలపు దోనె నీటిని దూరముగా విసరెడిది. నేటి ప్లాస్టిక్ గొట్టము గోడనంటి దిగి, ప్లంబరునకు సులభమైనచోటనే, అనగా తఱచుగా షట్టరు ప్రక్కనే, నోరు తెఱచును. ఇందాకటి లెక్క ప్రకారము గంటకు 4,600 లీటర్లు యజమాని తన గదిగుమ్మమున తానే కుమ్మరించుకొనుచు, వీధిని నిందించుచుండును. ఒక వంపుముక్కయు, పదడుగుల గొట్టమును చాలును దీనిని చక్కదిద్దుటకు. షెడ్డు తడియుచున్నదని తెలిసిన నాడు మొదట చూడవలసినది ఇదియే. ఇది ఎల్ల చికిత్సలలో చవుకైనది.

గాలివాన మఱియొక మార్గమున వచ్చును. వాయుగుండపు దినములలో గాలి ప్రధానముగా తూర్పు, ఈశాన్యముల నుండి వీచును. మనవారు వాస్తును నమ్మి సింహద్వారమును తూర్పునకో ఉత్తరమునకో పెట్టుదురు. కారుగది మొగమును ఆ దిక్కునకే యుండును. వాస్తుశాస్త్రముతో నాకు తగవు లేదు గాని, నవంబరు వాన సరిగా ఆ మొగము మీదనే కొట్టునని మాత్రము మనవి. షట్టరుమీద రెండున్నర మూడడుగుల సజ్జ ఉండవలెను. ఆ సజ్జ అడుగుభాగమున, అంచునకు అంగుళము ఇవతల, పొడవునను సన్నని గాడి తీయించవలెను. ఆ గాడి లేనిచో నీటిబొట్టు సజ్జ అడుగునంటుకొని వెనుకకు ప్రాకి గోడ దిగును. గాడి యున్నచో అచ్చటనే తెగి క్రింద పడును. షట్టరు అడుగుపట్టీకి రబ్బరు అంచు తగిలించి, అది ఆనుచోట నేలమీద ముప్పాతిక అంగుళము ఎత్తున సన్నని కట్ట దిద్దినచో గాలి తఱిమిన జల్లు ఆగును. ఇవి జల్లునకు మందులు, పాఱునీటికి గావు. అంగడిలో రబ్బరుపట్టీ కొని వాగునాపబూనువారిని చూచి చెప్పుచున్నాను.

వాన వెలిసిన రెండుదినములకును నేల చెమ్మగానే యున్నచో నీరు క్రిందినుండి వచ్చుచున్నదేమో చూడవలెను. మూరెడు ప్లాస్టిక్ కాగితమును నేలమీద పఱచి నాలుగంచులను టేపుతో అతికించి ఒక దినము విడిచి చూచినచో, బొట్లు కాగితము క్రింద నున్నచో భూమి చెమ్మ, పైన నున్నచో గాలిలోని చెమ్మ. మొదటిదైనచో, క్రొత్తగా నేల వేయించునప్పుడు కాంక్రీటు క్రింద మందమైన ప్లాస్టిక్ పట్టా పఱపించుట మంచి చికిత్స. పైపైన రంగులు పూయుట వలన గోడ ఉప్పు కక్కుట ఆగదు.

తఱిమిన నీరు ఎచ్చటికి బోవలెను? పొరుగువాని గోడమీదికి మాత్రము గాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2000 సంవత్సరమున నీరు-మీరు కార్యక్రమము నాడు ఇంటింట ఇంకుడుగుంతలు త్రవ్వించిరి. 2002లో నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టము వచ్చినది. ఆ గుంతలలో పెక్కింటిమీద నేడు చప్టాలు వేసియున్నారు. మిద్దెనీటిని గొట్టముతో అట్టి గుంతకు మళ్లించుట ఉభయతారకము. అయితే గుంత ఇంటి పునాదికి పదడుగుల దూరమునకు తక్కువ గాకుండ నుండవలెను, లేనిచో ముందుతలుపున పోగొట్టిన నీటిని పునాది క్రింద నుండి పిలిచినట్లగును. కారుగది నేలను కడిగిన నీటిని మాత్రము అందులోనికి విడువరాదు. ఇంజను నూనె కలిసిన నీరు బోరులోనికి చేరినచో మరల దానిని త్రాగవలసినవారము మనమే.

ఇంతవఱకు చెప్పినది వాననీటిని గూర్చి. వంక నీరు, చెరువునీరు వేఱు. 2021 నవంబరులో వాయుగుండపు వానలకు తిరుపతి వీధులు కాలువలైనవి. బాహుదా, పింఛా నదులు కలిసియేర్పడిన చెయ్యేటిలో వరద వెల్లువై, 19వ తేదీన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోగా, దిగువన రాజంపేట మండలములోని పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట గ్రామములు తుడిచిపెట్టుకొనిపోయినంత పని యైనది. అట్టి నాడు అడ్డుకాలువ, మిట్ట, రబ్బరుపట్టీ అను మాటలు నోట తెచ్చుటయే హాస్యాస్పదము. చెరువు మొరవ పాఱుచున్నదని తెలిసిన నాడు, వంక గట్టున ఇల్లున్నవారు కారును ముందురాత్రియే మిట్టప్రదేశమునకు తరలించుకొనవలెను. గదిలోని ప్లగ్గుబోర్డులు, మోటారు స్టార్టరు నాలుగడుగుల ఎత్తున నున్నచో మంచిది, లేనిచో ఆ గదికి కరెంటు ఆపివేయవలెను.

ఇంత చేసినను ఒకనాడు కారు చక్రము సగము మునుగు వఱకు గదిలో నీరు నిలిచినదనుకొందము. అప్పుడు అందఱును చేయు తప్పు తాళము త్రిప్పుట. గాలివలె నీరు నొక్కుడునకు లొంగదు. ఇంజను గొట్టములోనికి చేరిన కొద్దిపాటి నీటిని పిస్టను ఒత్తబోయి, ఒత్తలేక, తన్ను మోయు కడ్డీని వంచుకొనును. వేలలో తీరవలసిన బాగుచేత లక్షలకు పోవును. సామాన్యపు సమగ్ర బీమా వరదనష్టమునకు వర్తించును గాని, మునిగిన ఇంజనును నడపబోయి చెఱుపుకొన్న దానికి, ఇంజను రక్షణయను అదనపు భాగమును కొననివారికి, సాధారణముగా సొమ్ము ఈయరు. కావున గదిలో దిగుటకు ముందే కరెంటు ఆపి, బ్యాటరీ నల్లతీగను విడదీసి, నీటిమట్టము గోడమీద ఎచ్చటి వఱకు వచ్చినదో కనబడునట్లు, కారును కదల్పకమునుపే నాలుగు ప్రక్కల నుండియు ఫొటోలు తీసి, పిమ్మట బండిని లాగించి మెకానిక్కు వద్దకు చేర్చవలెను. ఇంజనులోని నూనె తెల్లబడినదా యని అతడు చూచి చెప్పు వఱకు తాళపుచెవి జేబులోనే యుండవలెను.